ఫిరంగుల కోటలో తోడల్లుళ్ళు

మొన్న శనివారం పొద్దున్నే కూరగాయలకని బయల్దేరితే, పాత ఊరి ఇరుకు వీధిలో యాత్రికుల గుర్రబ్బండి ఒకటి నా కారుకి అడ్డం పడింది. బండివాడు వెనక్కి తిరిగి, ఇద్దరు పెద్దమనుషులు పంతానికి పోయి ఒకరినొకరు పిస్తోళ్ళతో కాల్చుకున్న సందు కథని పెళ్ళిలో లడ్డూలు వడ్డిస్తున్నంత సంబరంగా చెబుతున్నాడు. నాకు ఒళ్ళు మండి హారన్ కొట్టాను. చార్లెస్టన్‌లో గుర్రబ్బండి వెనక హారన్ కొట్టడం పరమ మొరటుతనమని నాకు తెలియకపోలేదు, పాతికేళ్ళ కాపురం ఈ ఊళ్ళో. అతగాడు టోపీ తీసి నాకు నవ్వుతూ దణ్ణం పెట్టి, కొరడా చివరతో రేవు వైపు చూపిస్తూ, అమెరికా వాళ్ళు తమలో తాము కొట్టుకు చావడం మొదలైన కోట అదిగో, నీళ్ళ మధ్యలో కనిపిస్తోంది చూడండన్నాడు. బండి కదిలినా నేను కదల్లేదు. వెనకవాళ్ళు నా మీద హారన్ కొట్టేదాకా అక్కడే ఉండిపోయాను.

ఈ ఊరికి మేం రెండువేల ఒకటిలో వచ్చాం. మా వారికి ఓడరేవులో ఇంజనీరు ఉద్యోగం, నాకు ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షల పని. సముద్రం ఉంది, వేడి ఉంది, చెమట ఉంది, వీధి నిండా పూలచెట్లున్నాయి, అచ్చం మన కోస్తాలాగే ఉందని మొదట్లో మురిసిపోయాను. తర్వాత తెలిసింది, ఇక్కడ చూడదగ్గ స్థలమని బోర్డు పెట్టిన ప్రతిచోటా ఎవరో ఎవర్నో చంపారనో, కట్టేశారనో, అమ్మేశారనో. ఓక్ చెట్ల నీడలో పిల్లలాడుకునే పార్కులో సముద్రపు దొంగల్ని వరసగా ఉరితీశారట. పాత కచేరీ భవనం కింద నేలమాళిగలో ఖైదీలు కుళ్ళి చచ్చారట. రాళ్ళు పరిచిన అందమైన వీధిలో మనుషుల్ని పళ్ళు చూసి, వీపు తడిమి వేలం వేశారట. వీటన్నిటికీ టిక్కెట్టు, టిక్కెట్టుతో పాటు ఒక ఐస్‌క్రీం దుకాణం.

మన తెలుగువాళ్ళకి చుట్టపుచూపంటే తెలిసిందే కదా. చెల్లెలి తోడికోడలి మేనమామ కొడుకు అట్లాంటాలో దిగితే, దారే కదా అని మన ఇంటికొస్తాడు, రెండు పూటలుండి ఊరు చూపించమంటాడు. అలా చూపించీ చూపించీ నేను ఈ ఊరి గైడులందరి కంటే ముదిరిపోయాను. ఎక్కడ కారు పెట్టాలో, ఎక్కడ నీడలో కూర్చుని పులిహోర తినాలో, ఎక్కడ బాత్రూం శుభ్రంగా ఉంటుందో నాకు కంఠతా వచ్చు. ఒక సంగతి మాత్రం ఎన్నేళ్ళకీ మింగుడుపడలేదు. వచ్చిన ప్రతివాడూ ఫిరంగి కనిపిస్తే చాలు, దాని మీద చెయ్యేసి పళ్ళికిలించి ఫోటో దిగుతాడు. అది మనుషుల్ని ముక్కలు చేసిన ఇనుమురా నాయనా అంటే, స్మైల్ వదినా అని నన్ను కూడా లాగేవారు.

అలా లాగేవాళ్ళలో మొదటివాళ్ళు మా మరుదులిద్దరూ. మేం ముగ్గురం అక్కచెల్లెళ్ళం, పుట్టింది తెనాలి దగ్గరైనా పెరిగింది హైదరాబాదులో. పెద్ద చెల్లెలు వరంగల్లు అబ్బాయిని చేసుకుంది, వాళ్ళు న్యూజెర్సీ పార్సిప్పనీలో ఉంటారు. చిన్న చెల్లెలి భర్తది గుంటూరు, వాళ్ళది టెక్సస్‌లో ఫ్రిస్కో. ఏటా సెప్టెంబరు మొదట్లో లేబర్ డే సెలవులకి రెండు కాపురాలూ మా ఇంట్లో దిగేవి. తోడల్లుళ్ళంటే అత్తారింట్లో ఎవరి మర్యాద ఎక్కువని కొలుచుకునే జాతని లోకం అనుకుంటుంది. వీళ్ళు అలా కాదు. పెద్దతను తమ్మీ అంటే చిన్నతను అన్నా అనేవాడు, ఇద్దరూ లుంగీలు ఎగ్గట్టి పెరట్లో పొయ్యి పెట్టి మాంసం వండేవాళ్ళు, కారం దగ్గర మాత్రం రోజూ తగువు. చిన్న మరిది బిడ్డ నెలలు నిండకుండా పుట్టి అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు, పెద్దతను సెలవు పెట్టి ఫ్రిస్కో వెళ్ళి ఆసుపత్రి కుర్చీలోనే నిద్రపోయాడు. ఒకసారి బానిసల సంతని మ్యూజియం చేసిన చోట, పసిపిల్లల మణికట్టుకి సరిపోయే ఇనుప కడియాలు చూసి పెద్ద మరిది గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడిస్తే, చిన్నతను భుజం మీద చెయ్యేసి బయటికి నడిపించుకుపోయాడు. అటువంటి మనుషులు.

తెలంగాణ ఉద్యమం వచ్చాక ఆ ఇద్దరి మధ్యా నెమ్మదిగా పొరపొచ్చాలు వచ్చాయి. మొదట్లో హాస్యాలే. తర్వాత మెయిళ్ళు, తర్వాత ఫేస్‌బుక్, తర్వాత ఫోన్లో కేకలు. దేశం వదిలొచ్చిన వాళ్ళకి దేశం గొడవలు రెండింతలు ముద్దని నా అభిప్రాయం, అక్కడున్నవాడికైనా మధ్యాహ్నం బస్సెక్కే పనుంటుంది. అయితే వీళ్ళ కోపాలు ఉత్త కబుర్లవి కావు, దేని వెనకున్న నొప్పి దానికుంది. చిన్న మరిది తల్లిదండ్రుల కోసం హైదరాబాదులో ఫ్లాటు కొన్నాడు, అక్కడ మనవాళ్ళని ఉండనిస్తారో లేదోనని ఆ ముసలివాళ్ళు రాత్రీపగలూ ఫోన్లు చేసి ఏడ్చేవారు. పెద్ద మరిది తమ్ముడి కొడుకు యూనివర్సిటీ ముందు ఊరేగింపులో ఉంటే లాఠీ తగిలి ఎడమకన్ను పోయింది. పందొమ్మిదేళ్ళ కుర్రాడు. ఆ పిల్లవాణ్ణి చదివిస్తున్నది మా మరిదే, వాడి ప్రస్తావన వస్తే అన్నం పళ్ళెం ముందు నుంచి లేచిపోయేవాడు.

రాష్ట్రం విడదీస్తామని ఢిల్లీలో ప్రకటించిన ఏడు కూడా, రావద్దనడానికి నోరు రాక, ఇద్దర్నీ రమ్మన్నాను. గుమ్మంలోనే షరతు పెట్టాను, నా ఇంట్లో రాజకీయం ఎత్తినవాడికి అన్నం ఉండదని. పెద్ద మరిది నవ్వి, న్యూజెర్సీలో ఎడిసన్ నుంచి తెచ్చిన మిఠాయి పెట్టె బల్ల మీద పెట్టాడు. శుభవార్త వింటే నోరు తీపి చేయడం మన ఆచారం, అతని సంతోషంలో అతనికి తప్పేమీ కనబడలేదు. చిన్న మరిది ఆ పెట్టెని చచ్చిన ఎలకని చూసినట్టు చూశాడు. మా చిన్నది, పుట్టినప్పటి నుంచీ మతిమరుపు మాలోకం, ప్రయాణం ఆకలి మీదుందేమో, మాటల్లో పడి ఒక కోవాబిళ్ళ నోట్లో వేసుకుంది. మొగుడి మొహం నల్లబడటం నేను చూశాను. ఆ పూట అతను అన్నం తినలేదు.

మర్నాడు మా వారికి రేవులో పని పడితే, పొద్దున్న మొదటి పడవకి నేనే అందర్నీ కోటకి తీసుకెళ్ళాను. నీళ్ళ మీద గాలి తగిలితే బుర్రలు చల్లబడతాయని ఆశ. అక్కడే ఎందుకంటే, మిగతా ఊరంతా వాళ్ళు చూసేశారు, ఆ కోటకి మాత్రం ఎప్పుడూ పడవ దొరక్కనో వాన పడో వెళ్ళలేకపోయాం. పడవలో మైకు పెట్టి ఒకావిడ చరిత్ర చెప్పింది. కొన్ని రాష్ట్రాలు మేం మీతో ఉండం అన్నాయి, కలిసుండాల్సిందే అని తక్కినవి అన్నాయి, ఆ మాటా ఈ మాటా పెరిగి ఈ కోట మీద మొదటి ఫిరంగి పేలింది, ఆ తర్వాత అన్నదమ్ములు ఎదురెదురు సైన్యాల్లో చేరి ఒకర్నొకరు పొడుచుకున్నారు అని. విడిపోతామన్నది మనుషుల్ని బానిసలుగా ఉంచుకోవడం కోసమేనని కూడా ఆవిడ స్పష్టంగానే చెప్పింది. కానీ మా వాళ్ళ చెవులకి విడిపోవడం, కలిసుండటం అన్న రెండు మాటలే ఎక్కాయి. చిన్న మరిది పైకే అన్నాడు, "విన్నారుగా వదినా, విడిపోతామన్నోళ్ళ గతేమైందో." పెద్దతను నీళ్ళ వైపే చూస్తూ, "మీదికెళ్ళి జులుం జేసినోని గతి గూడ చెప్పింది, చెవులు పెట్టి ఇను తమ్మీ," అన్నాడు. నేను గొడుగుతో ఇద్దరి మోకాళ్ళూ పొడిచాను.

ఆ కోటలో ఒక పద్ధతుంది. మొదటి పడవలో వచ్చినవాళ్ళ చేతే జెండా ఎగరేయిస్తారు. కోటని చూసుకునే రేంజరు, తలపండిన నల్లాయన, పది పన్నెండు మందిని రమ్మని పిలిచి, జెండాని పొడుగ్గా విప్పి రెండు వరసల్లో నిలబెట్టి అంచులు పట్టిస్తాడు. నేలకి తగలకూడదు, పూర్తిగా పైకి లేచేదాకా ఎవరూ వదలకూడదు. పెద్ద చెల్లెలి కూతురూ చిన్న చెల్లెలి కొడుకూ ఎగురుకుంటూ వెళ్ళి తండ్రుల చేతులు పట్టి లాక్కొచ్చారు. "డాడీ, కమాన్, ఇట్స్ సో కూల్, పట్టుకో!" అన్నాడు వెధవాయి. అలా తోడల్లుళ్ళిద్దరూ జెండాకి అటొకరూ ఇటొకరూ, ఎదురెదురుగా నిలబడ్డారు. చిన్నతని పక్కన నేను. నా చెల్లెళ్ళిద్దరూ దూరంగా ఫోటోలు తీస్తున్నారు.

జెండా అంగుళం అంగుళం కదులుతుంటే, చేతులు కట్టుబడిపోయిన ఆ ఇద్దరూ పెదాలు కదపకుండా తెలుగులో తిట్టుకోవడం మొదలెట్టారు. చుట్టూ ఉన్న తెల్లవాళ్ళు ప్రార్థన చేస్తున్నారనుకుని ఉంటారు. ఆపండర్రా అని నేను పళ్ళ మధ్య నుంచి అంటూనే ఉన్నాను. దోచుకున్నరని ఒకడు, కట్టింది మేమని ఒకడు. పెద్దతను అన్నాడు, "మా పోరగాని కన్ను బోయింది, నీకేం ఎర్క రా ఆ నొప్పి." అప్పుడు చిన్నతను అన్నాడు.

"ఒక్క కన్నుకి రాష్ట్రం వచ్చిందిగా. బేరం గిట్టినట్టే."

ఆ మాట విన్నది మేం ముగ్గురమే. అన్నవాడి మొహమే, అనేశాక, తెల్లగా పాలిపోయింది. పెద్ద మరిది జెండా అంచుని అలాగే జాగ్రత్తగా, పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని, చివరికొస తన వేళ్ళ నుంచి లేచి వెళ్ళేదాకా ఆగాడు. అందరి తలలూ పైకెత్తి ఉన్నాయి, చేతులు గుండెల మీద ఉన్నాయి. అప్పుడు ఒక్క అడుగు ముందుకేసి పిడికిలితో ముక్కు మీద గుద్దాడు.

ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. చిన్నతను వెల్లకిలా పడ్డాడు, తల పాత ఇటికల మీద టంగుమంది. పెద్దతను గుండెల మీదెక్కి కూర్చుని మూతి మీద, చెంప మీద, దవడ మీద కొడుతున్నాడు, నోట్లోంచి మాట లేదు, వడ్లు దంచుతున్నవాడిలాగా మూలుగొక్కటే. కళ్ళద్దాలు పగిలి గాజుముక్క కనుబొమలో దిగింది. కిందవాడు కూడా తక్కువ తినలేదు, గొంతు దొరకబుచ్చుకుని గోళ్ళు దింపాడు, ఇద్దరూ కలిసి దొర్లి ఒక ఫిరంగి చక్రానికి కొట్టుకున్నారు. పెద్దవాడి చెవి దగ్గర చర్మం లేచిపోయింది. నా ఉద్యోగం అంతా రక్తంతోనే, గాజుగొట్టాల్లో బుద్ధిగా నిలబడే రక్తం. మనవాళ్ళ మొహాల మీంచి కారి ఇటికల సందుల్లోకి ఇంకిపోయేదాన్ని చూడటం వేరు. నేను గొడుగు తిరగేసి పెద్ద మరిది వీపు మీద బాదాను, కర్ర విరిగేదాకా బాదాను. మా పెద్ద చెల్లెలు పరిగెత్తుకొచ్చి మొగుడి జుట్టు పట్టుకుంది, చిన్నది వచ్చి అక్క జుట్టు పట్టుకుంది. చేతిసంచీలోంచి పులిహోర డబ్బా ఎగిరిపడి విచ్చుకుంటే, ఎక్కణ్ణుంచి వచ్చాయో సముద్రపు కాకులు మా మీదికే దిగి అరుస్తూ మెతుకులు ఏరుకున్నాయి. పిల్లలిద్దరూ గోడకి అతుక్కుని కేకలు పెడుతున్నారు.

రేంజరు వచ్చి పెద్ద మరిదిని చంకల కింద పట్టి లేవదీశాడు. తలలు పైకెత్తి ఉండటం వల్ల మొదటి దెబ్బ ఎవరూ సరిగ్గా చూడలేదు. ఒకావిడ మాత్రం వేలు చూపించి, అతనే ఇతన్ని కొడుతున్నాడని చెప్పింది. ఇది కేంద్రప్రభుత్వం స్థలం, పోలీసుల్ని పిలవాలి అన్నాడు రేంజరు. పెద్ద చెల్లెలు చతికిలబడిపోయింది. ఎందుకో మీకు విడమర్చి చెప్పనక్కర్లేదు. మొగుడు పదేళ్ళుగా హెచ్‌వన్ వీసా మీద ఉన్న మనిషి, గ్రీన్‌కార్డ్ చివరి మెట్టు మీదుంది. చేతులకి బేడీలు పడితే, రికార్డులో ఒక అరెస్టు చేరితే, ఉద్యోగం, ఇల్లు, పిల్ల చదువు, ఆ కన్నుపోయిన కుర్రాడి ఫీజులు, సమస్తం గంగపాలు. పెద్ద మరిది ఏమీ దాచుకోదలచలేదు, రెండు చేతులూ ముందుకు చాపి నిలబడ్డాడు.

రేంజరు నేల మీదున్న చిన్న మరిది పక్కన గొంతుక్కూర్చుని అడిగాడు, సర్, ఈ మనిషి మిమ్మల్ని కొట్టాడా అని. చిన్న మరిది ముక్కు మొహం మధ్యలో లేదు, ఒక పక్కన ఉంది. నోట్లో రక్తం ఉమ్మేసి, అతను ఇంగ్లీషులో చెప్పాడు, లేదు, ఇటికల మీద కాలు జారాను, ఇతను మా అన్న, లేవదీస్తున్నాడు. రేంజరు నమ్మలేదు. అంత వెర్రివాడేమీ కాదు. మెడ మీది గోళ్ళగాట్లు చూశాడు, విరిగిన గొడుగు చూశాడు, నావైపు తిరిగాడు. కాలే జారాడు, నా కళ్ళారా చూశాను అన్నాను. ఆ అబద్ధానికి నాకు ఈనాటికీ సిగ్గు లేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ అంటుండేది, ఆ సామెత ఆ పెద్దాయనకి ఇంగ్లీషులో ఎలా చెప్పను? ఆయన గాజుగుడ్డ తెచ్చి ముక్కుకి అదిమి, ఈ కోటలో కాలు జారినవాళ్ళు చాలామంది ఉన్నారమ్మా అని లేచి వెళ్ళిపోయాడు.

తిరుగు పడవలో ఇద్దరు చెల్లెళ్ళూ రెండు కొసల్లో కూర్చున్నారు. ఎమర్జెన్సీలో డాక్టరు ముక్కు సరిచేస్తుంటే చిన్న మరిది కేక పెట్టలేదు. నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు నా మణికట్టు పట్టుకుని, "వదినా, నేనన్న మాట మా ఆవిడకి తెలియనీకు. నా మొహం చూడదు," అన్నాడు. ఇంటికి వస్తే పెద్ద మరిది పెరట్లో ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. చెయ్యి వాచి చపాతీ పిండిముద్దలా ఉంది. నన్ను చూసి, "వాడన్న మాట చిన్నదానికి చెప్పకు వదినా. ఇంట్ల మొగని ఇజ్జత్ బోతది. నేనే కావరమెక్కి కొట్టిన్నని చెప్పు," అన్నాడు. వాణ్ణి చంపేద్దామన్నంత కోపం ఇంకా కళ్ళల్లో ఉంది, అయినా అదే మాట అన్నాడు. ఇద్దరికీ ఒట్టు వేశాను. వెయ్యక ఏం చేయను?

ఆ సాయంత్రమే చిన్న చెల్లెలు పిల్లాణ్ణి, మొగుణ్ణి తీసుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోయింది. ఏ కారణమూ లేకుండా తన భర్తని నెత్తురు కక్కేలా కొట్టినవాడి నీడ కూడా తన పిల్లాడి మీద పడనివ్వనని పెద్దదాని మొహం మీదే చెప్పింది. పెద్దదానికీ కారణం తెలియదు, మొగుడు నోరు విప్పడు, అందుకని ఆ తిట్లన్నీ తలవంచుకుని పడింది. పెద్ద మరిదికి గ్రీన్‌కార్డ్ వచ్చింది. అక్కడ రాష్ట్రాలూ రెండయ్యాయి. చిన్న మరిది తల్లిదండ్రులు హైదరాబాదు ఫ్లాటులోనే ఉండి, ఎవరూ పొమ్మనకుండానే, సుఖంగా కాలం చేశారు. కన్నుపోయిన కుర్రాడు వకీలయ్యాడు. దేనికోసం కొట్టుకున్నారో అదంతా ఎక్కడిదక్కడ సర్దుకుంది, ఇక్కడి గుడిలో వరంగల్లు వాళ్ళూ గుంటూరు వాళ్ళూ ఒకే బంతిలో కూర్చుని ఒకరి పప్పుని ఒకరు వెక్కిరించుకుంటూ తింటున్నారు. మా ఇంట్లోనే ఇంకా యుద్ధం ముగియలేదు. ఒకరు వేసవిలో వస్తారు, ఒకరు క్రిస్మస్‌కి వస్తారు, ఒకరు వచ్చినట్టు ఒకరికి చెప్పను.

కాకపోతే ఒకటుంది. ఫ్రిస్కో నుంచి ఫోనొచ్చినప్పుడల్లా చివర్న చిన్న మరిది లైన్లోకి వచ్చి, మా వారి మోకాళ్ళ నొప్పుల గురించీ, మా ఊరి వానల గురించీ అడిగి, పెట్టేసే ముందు గొంతు తగ్గించి, అన్న షుగర్ ఎలా ఉంది వదినా అంటాడు. పార్సిప్పనీ ఆయనా అంతే. అటూ ఇటూ తిప్పి తిప్పి, వానికి ముక్కుల ఊపిరి సక్కగ ఆడుతున్నదా అంటాడు. ఆడుతోందనీ, తగ్గిందనీ చెబుతాను. పన్నెండేళ్ళుగా ఈ చెప్పడమే నా పని.

నాకు మొన్ననే అరవై ఎనిమిది నిండాయి, గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదన్నారు. నేను పోతే ఆ ఇద్దరూ ఒకరి క్షేమం ఒకరు ఎవర్నడుగుతారు? ఆ దిగులుతోనే ఇవాళ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి ఇదంతా రాశాను. మా చిన్నది వార్తాపత్రిక చదవకపోయినా నేను రాసింది చదువుతుంది. చదివి, ముందు నా మీద మండిపడుతుంది, తర్వాత మొగుడి మీద. పడనీ. ఆ తర్వాతైనా ఫోను తీసి అక్కకి చేస్తుందేమో.